మహేంద్రగిరికి ముందు మంచినీళ్లు

సాహసయాత్ర మనలాంటి వాళ్లకు కాదనుకుంటాం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన 13 ఏళ్ల మాలావత్ పూర్ణది వ్యవసాయ కూలీల కుటుంబం. ఆమెకు ప్రభుత్వ గురుకులం అండ ఉందనొచ్చు, నిజమే. కానీ భువనగిరి గుట్ట మీద, లద్దాఖ్ చలిలో నెలల తరబడి చేసిన సాధన ఆమెదే.

అలాంటి సాధనకు పలాస, టెక్కలి వాళ్లకు 1501 మీటర్ల మహేంద్రగిరి కొండ ఉంది. శివరాత్రికి మామూలు జనమే ఎక్కుతారు కదా, ప్రణాళిక ఎందుకంటారా? జాతరలో తోడుంటుంది, మాఘమాసపు చల్లదనం ఉంటుంది. ఆ కొండకు సిద్ధమవుతూ ఏప్రిల్ ఎండలో బారువ తీరం వెంట ఒంటరిగా నడిచేవాళ్లకు ఆ రెండూ ఉండవు. పొడి ఇసుకలో మడమలు దిగబడుతూ నడిచాక, ఆరిన చొక్కా మీద ఉప్పు చారలు తేలాయంటే ఒంట్లో నీరు బాగా పోయినట్టే. ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం పూర్తిగా తేలలేదు గానీ, నీళ్లు చాలకుండా ఎండలో కష్టపడటం మూత్రపిండాలకు చేటు. అందుకే ఇక్కడ బూట్లకన్నా ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. తర్వాతే తెల్లవారుజాము నడక, వారం వారం కొంచెం దూరం.