బాపులపాడు దాకా వచ్చిన బెజవాడ

నూజివీడు అను పేరుగల రైలు స్టేషనులో దిగిన ప్రయాణికుడు నూజివీడులో దిగడు. అతడు దిగునది బాపులపాటి పొలిమేరలో. ఎదుట హనుమాన్ జంక్షను కూడలి. నూజివీడు పట్టణము ఉత్తరముగా ఇంకను పదిహేను కిలోమీటర్లకు పైబడి యున్నది. సంస్థానమునకు ముఖ్యపట్టణమైన ఊరికి స్టేషను పేరు దక్కినది. స్టేషను మాత్రము బాపులపాటికి దక్కినది. 2008లో నూజివీడున ట్రిపుల్ ఐటి నెలకొన్న పిమ్మట, దూరపు జిల్లాల పిల్లలు, వారి తలిదండ్రులు పెట్టె బేడలతో ఇచ్చట దిగి, ఈ భూగోళ పాఠమును ప్లాటుఫారము మీదనే నేర్చుకొనుచున్నారు. అంతవరకు ఏ ఉపాధ్యాయుడును వారికి దీనిని చెప్పియుండడు.

ఇది పేరులోని చమత్కారము మాత్రమే కాదు. ఊరొకచోట, రైలొకచోట, బస్సు వేరొకచోట ఉండుట మన ప్రయాణముల చరిత్రలో పెద్ద భాగము. బెజవాడ మహానగరమై తూర్పుగా పెరుగుచు బాపులపాటిని సమీపించుచున్న ఈ రోజులలో, దాని రాకపోకలకు వేయుచున్న పథకములను గూర్చి ఆలోచించువారు మొదట ఈ స్టేషనులో దిగి చూచుట మంచిది.

బాపులపాడు రెండు నేలల అతుకు మీద ఉన్న ఊరు. ఉత్తరముగా మెట్ట, అచ్చట మామిడి. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, తోతాపురి, అవి యన్నియు ఆ ఎఱ్ఱనేలల సంపద. దక్షిణముగా డెల్టా పల్లము, అచ్చట వరి. ఈ అతుకు పొడవునే, ఒకదాని వెనుక ఒకటిగా, మూడు మార్గములు నడచినవి. మొదటిది ఏలూరు కాలువ. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తియైన పిదప ఈ కాలువ పొలములకు నీరును, వర్తకులకు పడవదారిని ఒకే ఖర్చుతో సమకూర్చినది. ఏలూరు వద్ద అది గోదావరి కాలువతో కలియుటచే రెండు నదుల నడుమ సరకు నీటి మీదనే సాగినది. రెండవది రైలు, 1893లో కృష్ణ మీద రైలు వంతెన ఏర్పడి, మదరాసు దిక్కు కలకత్తా దిక్కుతో కలియు పని ముందునకు సాగినది. మూడవది రహదారి, మన చిన్ననాట అది 5వ నంబరు జాతీయ రహదారి, 2010లో సంఖ్యలు మార్చిన తరువాత 16వ నంబరు. దానిని అడ్డముగా ఖండించుచు పెడననుండి గుడివాడ మీదుగా వచ్చి నూజివీడు వైపు పోవు దారి యొకటి. ఈ రెండు దారులు కలియుచోట ఆంజనేయస్వామి ఆలయము. కూడలికి పేరు ఆయనదే.

బెజవాడ ఈ దిక్కునకే ఏల వచ్చినది? నది యొకవైపు, కొండలు మరియొకవైపు అడ్డగించినవి గనుక. 1888లో మునిసిపాలిటీ యైన ఆ ఊరి జనాభా 1961లో రెండు లక్షల ముప్పది వేలు. 1981లో నగరపాలక సంస్థ యైనది. 2011 నాటికి పది లక్షలు దాటినది. దక్షిణమున కృష్ణ, పడమట ఇంద్రకీలాద్రి మొదలగు గుట్టలు నిలిచియుండగా, జనము బందరు రోడ్డు వెంట పెనమలూరు దాకను, ఏలూరు రోడ్డు వెంట రామవరప్పాడు, నిడమానూరు, గన్నవరముల దాకను వ్యాపించిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమాన స్థావరము గన్నవరములో 2017 నుండి అంతర్జాతీయ విమానాశ్రయమైనది. దాని చెంత కేసరపల్లిలో కంప్యూటరు కొలువులు వెలసినవి. బాపులపాడు మండలములోనే మల్లవల్లి వద్ద పారిశ్రామిక వాడ ఏర్పడినది. అందు అశోక్ లేలాండ్ వారి బస్సుల కర్మాగారము 2025 మార్చిలో ప్రారంభమైనది. బస్సులు చేయు మండలములో బస్సు కొఱకు ఎండలో నిలుచుండు జనమును చూచినప్పుడు కొంచెము నవ్వు వచ్చును. చాలసేపు నిలువవలసి వచ్చినచో ఆ నవ్వు ఉండదు.

ఇక పథకముల మాట. వానిలో రహదారులకే పెద్దపీట. హనుమాన్ జంక్షను ఊరిని తప్పించుచు బైపాసు వేసిరి. చిన అవుటపల్లి వద్ద మొదలై, గొల్లపూడి మీదుగా కృష్ణను దాటి గుంటూరు దిక్కున మరల పెద్దరహదారిని కలియు పశ్చిమ బైపాసు వేరొకటి; ఇందు గొల్లపూడి వరకు గల భాగమే సుమారు 30 కిలోమీటర్లు. కలకత్తా నుండి చెన్నపట్టణము పోవు లారీకి బెజవాడ నడిబొడ్డుతో పనిలేకుండ చేయుట దీని ఉద్దేశము. ఇవి చాలవని అమరావతి చుట్టును సుమారు 190 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ప్రతిపాదన కూడ ఉన్నది.

వీనిని తప్పుపట్టుట నా అభిమతము కాదు. లారీల పొగలో, మోతలో బ్రతికిన కూడలివాసులకు బైపాసు విలువ తెలియును. కాని రహదారికి ఇద్దరు యజమానులు: దాటిపోవువాడొకడు, దిగవలసినవాడొకడు. దాటిపోవువానికి కావలసినది వేగము. దిగవలసినవానికి కావలసినది ఆగుట. ఇప్పటి పథకములలో మొదటివాని మాట ఇంజనీర్ల చెవిని బాగుగ పడినది. రెండవవాని మాట అంతగా పడినట్లు లేదు. దూరపు బస్సులు ఊరిలోనికి రాక బైపాసు మీదనే సాగిపోయినచో, బడికి పోవు పిల్లకు, ఆసుపత్రికి పోవు ముసలమ్మకు ఆ వెడల్పైన బాట ఎక్కు మార్గము కాక దాటవలసిన ఏరు అగును.

బాట వెడల్పు చేసినంతనే రద్దీ తగ్గునన్న నమ్మకమును గూర్చి కూడ ఒక మాట. 1962లో ఆంథనీ డౌన్స్ అను అమెరికా ఆర్థికవేత్త ఒక విచిత్రమును చూపెను. పట్టణపు పెద్దబాటను ఎంత విశాలము చేసినను, పని వేళలలో అది మరల నిండునట. ఏలనన, ఇంతకుముందు రద్దీకి జడిసి వేరు దారిని, వేరు వేళను, రైలునో బస్సునో ఆశ్రయించినవారు బాట ఖాళీయైనదని విని దాని మీదికి వత్తురు. కాలువ పూడిక తీసిన వెంటనే పై రైతు నీరు పెట్టుకొనుట మనకు క్రొత్త కాదు గదా! బెజవాడలో 2020లో కనకదుర్గ వంతెన, బెంజి సర్కిలు వంతెన తెరచిరి. అవి అవసరమైనవే. అయినను వంతెన దిగిన తరువాతి కూడలి ఎట్లున్నదో చూచినవారికి డౌన్స్ మాట అర్థమగును.

ఒక చిన్న లెక్కను ఏడవ తరగతి పిల్లలచే చేయింపవచ్చును. బాటలో ఒక వరుస మీద గంటకు 1,800 కార్లు పోవుననుకొందము, కారుకు ఇద్దరు. మొత్తము 3,600 మంది. అదే వరుస మీద నిమిషమునకొక బస్సు, బస్సుకు 60 మంది. అప్పుడును 3,600 మందియే. కాని బండ్లు అరువదియే. తక్కిన చోటు చెట్లకో, నడచువారికో మిగులును. బ్రెజిల్ దేశములోని కురిటీబా నగరము 1974లో ఈ లెక్కను నమ్మి బస్సులకు ప్రత్యేకముగా వరుసలు కేటాయించి, ఎత్తైన భవనములను ఆ దారుల వెంటనే కట్టనిచ్చినది. బెజవాడలో కూడ బి.ఆర్.టి.ఎస్. పేర బస్సుల బాట వేసిరి. బాట నిలిచినది, పేరు నిలిచినది, బస్సుల వరుస మాత్రము అనుకొన్నట్లు సాగలేదు. ప్రత్యేక వరుస మొదటినుండి చివరిదాక తెగక సాగవలెను. నడుమ తెగినచో అది వరుస కాదు.

మెట్రో రైలు సంగతి అందరు విన్నదే. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టములోనే విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతమునకు మెట్రో సాధ్యాసాధ్యములను పరిశీలింపవలెనని వ్రాసిరి. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ నివేదిక తయారుచేసినది. కొన్ని ఏండ్లు అది కాగితముల మీదనే నిద్రించినది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము మొదటి దశగా 38.4 కిలోమీటర్ల మార్గమునకు, సుమారు 11,009 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదము తెలిపినది. పండిత నెహ్రూ బస్సు స్టేషను నుండి ఒక శాఖ పెనమలూరునకు, ఒక శాఖ గన్నవరమునకు. గన్నవరముతో సరి. బాపులపాడు ఆ పటములో లేదు.

మనవారికి ఇది అన్యాయముగ తోచవచ్చును. నాకట్లు తోచదు. మెట్రో బ్రతుకుటకు దారిపొడవునా దట్టమైన జనము కావలెను. వరిచేల నడుమ స్తంభముల మీద ఖాళీ పెట్టెలను నడుపుట ధనవ్యయము. అదియును గాక బాపులపాటికి రైలు లేకపోలేదు. నూఱేండ్లకు పైబడి ఉన్నది. బెజవాడ నుండి లెక్కింపుడు: గుణదల, ముస్తాబాద, గన్నవరము, పెద అవుటపల్లి, తేలప్రోలు, నూజివీడు అనబడు మన బాపులపాడు, ఆపై వట్లూరు, పవర్‌పేట, ఏలూరు. నగరము ఏ దిక్కున పెరుగుచున్నదో ఆ దిక్కుననే, పెరుగకముందే, స్టేషనులు వరుసగా కట్టి యుంచిరి. ఇట్టి అదృష్టము ఎన్ని నగరములకు కలదు? హైదరాబాదులో ఉన్న రైలుపట్టాల మీదనే 2003లో ఎం.ఎం.టి.ఎస్. పేర స్థానికపు బండ్లు నడిపింప మొదలిడిరి. బెజవాడ, ఏలూరుల నడుమ అట్టివి పని వేళలలో అరగంటకొకటి నడచినచో ఈ ప్రాంతపు ముఖమే మారును.

చిక్కు లేకపోలేదు. ఇది చెన్నపట్టణము, హౌరాల నడుమ ప్రధాన మార్గము. దూరపు ఎక్స్‌ప్రెస్సులు, బొగ్గు గూడ్సులు ముందు. పాసింజరు బండి వెనుక. పక్కపట్టా మీద నిలిచి, కిటికీలో నుండి ఎక్స్‌ప్రెస్సు పోకను చూచుచు అర్ధగంట గడపిన అనుభవము లేని ఉపాధ్యాయుడు ఈ దారిలో ఉండడు. హాజరుపట్టీలో ఎఱ్ఱసిరా గుర్తులలో కొన్ని ఆ ఎక్స్‌ప్రెస్సు బండ్లవే. అదనపు పట్టాలు పడనిదే స్థానికపు బండ్లకు చోటు దొరకదు. కాని క్రొత్త స్తంభములకు వేల కోట్లు వెదకువారు, ఉన్న కట్ట ప్రక్కన మరి రెండు పట్టాలను గూర్చి అంతే పట్టుదలతో ఏల అడుగరాదు?

ప్రణాళిక వేయువారు ముఖ్యముగా నాలుగు ప్రశ్నలు వేసికొందురు: ఎన్ని ప్రయాణములు, ఎచ్చటనుండి ఎచ్చటికి, ఏ వాహనము మీద, ఏ దారిని? జవాబుల కొఱకు ఇండ్లకు పోయి అడుగుదురు, కూడళ్లలో నిలిచి బండ్లను లెక్కింతురు. లెక్క మంచిదే, ఏ నెలలో లెక్కించిరను ప్రశ్న అంతకంటె మంచిది. సంక్రాంతి ముందు లెక్కించినవానికి మామిడి కనబడదు. చైత్రవైశాఖములలో వచ్చి చూడవలెను. తెల్లవారకముందే కోత కూలీలతో నిండిన ఆటోలు. వరిగడ్డి పఱచిన పెట్టెలతో నున్న మామిడి సంతకు పోవు బండ్లు. గతుకు గతుకునకు గుండె పట్టుకొను రైతు. చిన్నరసము సున్నితము. అది దెబ్బకు ఓర్వదు. బొగ్గు ఒకరోజు ఆలస్యమైన బొగ్గే. పండు ఒకరోజు ఆలస్యమైన ధర సగము. సంవత్సరపు సగటు తీసినచో ఈ రెండు నెలల తొందర అంతయు అంకెలలో కరగిపోవును. నడచువారి సంగతి మరియు కష్టము. చక్రము లేనివారిని బండ్ల లెక్కలో ఏ గడిలో వ్రాయుదురు?

డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగనుకు 1947లో ఒక ప్రణాళిక వేసిరి. దానిని చేతివ్రేళ్ల ప్రణాళిక అందురు. నగరము అరచేయి, రైలుదారులు వ్రేళ్లు. ఇండ్లు వ్రేళ్ల వెంటనే పెరుగవలెను. వ్రేళ్ల సందులలో పొలములు, అడవులు ఉండవలెను. ఇంటి ముందు రైలు, పెరటివైపు పచ్చదనము. బెజవాడ కూడ అరచేయియే. ఏలూరు దారి ఒక వ్రేలు, బందరు దారి ఒక వ్రేలు. భేదమెచ్చట ననగా, మన వ్రేళ్ల సందులు నిండిపోవుచున్నవి. బాట పడునన్న వార్త వచ్చిన మఱునాడే తోటలో సరిహద్దురాళ్లు లేచుచున్నవి. మామిడి అంటు నాటి మంచి కాపు చూచుటకు ఏండ్లు పట్టును. రంపముతో కోయుటకు ఒక పూట. అమ్ముకొన్న రైతును నేను నిందింపలేను; కూతురి పెండ్లి, కొడుకు చదువు, పూతను రాల్చిన అకాలవర్షము, అన్నియు అతని లెక్కలోనివి. కాని ఆ తోటలో పని చేసిన కూలి ఆ ధరలో పాలు పొందడు. అతడు మఱుసటి ఏడు గన్నవరములోనో బెజవాడలోనో పని వెదకికొనుటకు బస్సెక్కవలెను. ఆ బస్సు ఎన్ని గంటలకు వచ్చునో, తిరిగి రాత్రి ఎన్ని గంటలకు దింపునో, అతని సంసారము దాని మీద నడచును.

కోట్లు అక్కరలేని పని యొకటి కలదు. రైలు వచ్చు వేళకు నూజివీడు బస్సు, గుడివాడ బస్సు స్టేషను వాకిట నిలుచుట. రైల్వేవారి పట్టికను, ఆర్.టి.సి. వారి పట్టికను ఒక బల్ల మీద ప్రక్కప్రక్కన పెట్టి, ఇద్దరు గుమాస్తాలు ఒక మధ్యాహ్నము కూర్చున్న చాలును. ట్రిపుల్ ఐటి తెరచు వారములోనైన అట్లు చేసినచో, పెట్టె నెత్తిన పెట్టుకొని వచ్చిన తండ్రి, ‘నూజివీడు ఇదే గదా?’ అని అడిగినప్పుడు, ప్లాటుఫారము మీది కూలి ఎదుటనున్న బస్సును చూపగలడు.