గర్భిణికి బీపీ ముదిరి ఫిట్స్ వస్తే ఆసుపత్రిలో ఏం చేస్తారు?

పోయిన ఎపిసోడ్‌లో గర్భిణికి బీపీ ఎందుకు పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ ఎందుకు పోతుంది అన్నది చూశాం. ఇవాళ అది ముదిరితే ఆసుపత్రిలో ఏం జరుగుతుందో చెప్తాను. లేబర్ రూమ్ బయట నిలబడ్డ ఇంటివాళ్ళకి ఆ కొన్ని గంటలు ఏమీ అర్థం కావు. "ఫిట్స్ వచ్చి రెండు గంటలైంది, ఇంకా ఆపరేషన్ చెయ్యరేంటి? ఏవో సూదులు పొడుస్తూ కూర్చున్నారు" అని కోపం వస్తుంది. ఆ సూదుల సంగతే ముఖ్యంగా చెప్పాలి.

ముందు పేర్లు. 20 వారాలు దాటాక బీపీ 140/90 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, లేదా లివర్, కిడ్నీలు, రక్తం దెబ్బతిన్న గుర్తులున్నా అది ప్రీఎక్లాంప్సియా. దాని మీద ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేవాళ్ళు. బీపీ 160/110 చేరితే తీవ్రమైనదని అర్థం. బీపీ అంత లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా, మాత్రలకి తగ్గని తలనొప్పి ఉన్నా, కళ్ళ ముందు మెరుపులు కనపడినా, పైపొట్టలో గట్టిగా నొప్పి వచ్చినా దాన్నీ తీవ్రంగానే చూస్తాం. ఈ పైపొట్ట నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోవడం మనవాళ్ళకి అలవాటు. ఎనిమిదో నెలలో అలాంటి నొప్పి వస్తే గ్యాస్ అని మీరే తేల్చేయకండి, బీపీ చూపించుకోండి.

ఒక అమ్మాయి అనుకుందాం. మొదటి కాన్పు, 33 వారాలు, పుట్టింట్లో ఉంది. పొద్దున్నుంచి తలనొప్పి, మధ్యాహ్నానికి ఫిట్స్. ఇంట్లో చెయ్యాల్సింది ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టడం, 108కి ఫోన్ చెయ్యడం. చేతిలో తాళాలు పెట్టొద్దు, పళ్ళ మధ్య చెంచా పెట్టొద్దు, నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. దగ్గర్లో పీహెచ్‌సీ ఉంటే అక్కడే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు, రెండు పిరుదుల్లో 5 గ్రాముల చొప్పున, ఇచ్చి పంపాలి. ఆ డోసు పడి వచ్చిన మనిషికీ పడకుండా వచ్చిన మనిషికీ చాలా తేడా ఉంటుంది. ఏం ఇచ్చారో, ఎన్ని గంటలకి ఇచ్చారో చీటీ మీద రాయించుకుని తీసుకురండి.

ఆసుపత్రిలోకి రాగానే మొదట చూసేది ఊపిరి. పక్కకి తిప్పి, నోట్లో నురగ తీసేసి, ఆక్సిజన్ పెడతారు. ఆ వెంటనే మెగ్నీషియం. ఇది కొత్త మందూ కాదు, ఖరీదైనదీ కాదు. 1995లో మన దేశంతో సహా చాలా దేశాల్లో చేసిన పెద్ద పరిశోధనలో డయజిపామ్, ఫెనిటాయిన్ కంటే ఇది మళ్ళీ ఫిట్స్ రాకుండా బాగా ఆపుతుందని తేలింది. 2002లో మ్యాగ్‌పై ట్రయల్ వచ్చింది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలు. ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్ళకి ముందే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. అందుకే తీవ్రంగా ఉన్నవాళ్ళకి ఫిట్స్ రాకముందే మొదలుపెడతాం.

మన దగ్గర ఎక్కువగా వాడేది ప్రిచర్డ్ పద్ధతి. 4 గ్రాములు నరానికి నెమ్మదిగా, తర్వాత 5 గ్రాముల చొప్పున రెండు పిరుదుల్లో. ఆపైన ప్రతి 4 గంటలకీ 5 గ్రాములు, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. నర్సింగ్ చదివే పిల్లలకి ఒక లెక్క చెప్తాను, ఇక్కడే తడబడతారు. మనకి దొరికే 50 శాతం ఆంప్యూల్‌లో 2 మిల్లీలీటర్లకి 1 గ్రాము ఉంటుంది. 4 ఆంప్యూల్స్ అంటే 8 మిల్లీలీటర్లు, దానికి 12 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 20 శాతం అవుతుంది. నరానికి ఇచ్చేది అదే. కలపకుండా నరానికి ఇవ్వకూడదు.

ఈ మందు మోతాదు మించితే ఊపిరి ఆగుతుంది. అందుకే ప్రతి డోసుకి ముందు మూడు చూస్తారు. మోకాలి మీద కొడితే కాలు ఎగరాలి, నిమిషానికి 16 శ్వాసలైనా ఉండాలి, మూత్రం గంటకి 30 మిల్లీలీటర్లైనా రావాలి. మోకాలి కుదుపు ముందు పోతుంది, ఊపిరి తర్వాత దెబ్బతింటుంది. కాబట్టి ఆ చిన్న సుత్తి దెబ్బే మనకి హెచ్చరిక. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ ట్రేలో పక్కనే పెట్టుకుంటారు.

బీపీకి లాబెటలాల్ ఇంజక్షన్ గానీ, నిఫెడిపిన్ మాత్ర గానీ. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి, లాబెటలాల్ పడదు. నిఫెడిపిన్ మింగించాలి, నాలుక కింద పిండకూడదు. నాగపూర్‌లో రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో నోటిమాత్రలతో కూడా తీవ్రమైన బీపీ అదుపులోకి వచ్చింది. మానిటర్లు లేని చోట ఇది పెద్ద కబురే. బీపీని ఒక్కసారిగా 120కి దించరు, మాయకి రక్తం తగ్గి బిడ్డ అల్లాడుతుంది. సెలైన్ కూడా కొలిచే ఎక్కిస్తారు. "నీరసంగా ఉంది, ఇంకో బాటిల్ పెట్టండి" అని అడక్కండి, ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

ఇక కాన్పు. అసలు వైద్యం అదే, జబ్బుకి మూలం మాయలో ఉంది కాబట్టి. కానీ ఫిట్స్‌లో, 180 బీపీతో ఉన్న మనిషికి మత్తు ఇవ్వడం చాలా ప్రమాదం. ముందు తల్లి నిలదొక్కుకోవాలి. ఫిట్స్ వచ్చాక నెలలతో పని లేదు, 12 గంటల్లో కాన్పు అయ్యేలా చూస్తారు. మన అమ్మాయికి 33 వారాలే కనక బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ మొదలుపెడతారు, కానీ కోర్సు పూర్తయ్యేదాకా ఆగరు. ఫిట్స్ రాకుండా, తల్లీబిడ్డా స్థిరంగా ఉండి 34 వారాల లోపైతే, పెద్దాసుపత్రిలో కాపలా కాస్తూ కొన్నాళ్ళు ఆగొచ్చు. ఎక్లాంప్సియా అంటే సిజేరియనే అని కూడా లేదు. గర్భాశయ ముఖద్వారం అనుకూలంగా ఉంటే నొప్పులు తెప్పించి మామూలు కాన్పు చేస్తారు.

బిడ్డ బయటకి రాగానే గండం గడిచిందనుకుంటారు. మెగ్నీషియం ఇంకో 24 గంటలు నడుస్తుంది. కాన్పు తర్వాత ఫిట్స్ వచ్చిందనుకోండి, అప్పటినుంచి 24 గంటలు. బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య మళ్ళీ పైకెక్కుతుంది. సరిగ్గా ఇంటికి తీసుకెళ్ళిపోతాం అని గొడవ చేసే రోజులవి. బాలింతకి తలనొప్పి అంటే చెవుల్లో దూది పెట్టి, చల్లగాలి తగిలిందంటారు. దూది పెట్టుకోండి, కాదనను, బీపీ కూడా చూపించండి. ఇచ్చిన మాత్రలు పాలు ఇస్తున్నారని ఆపొద్దు, ఎనలాప్రిల్ లాంటివి పాలిచ్చే తల్లికి ఇవ్వదగినవే.

మళ్ళీ గర్భం వస్తే మొదటి విజిట్‌లోనే ఈ సంగతి డాక్టర్‌కి చెప్పండి, డిశ్చార్జ్ కాగితం చూపించండి. 12 వారాల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. ఆ ఆస్పిరిన్ ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా అన్నది వచ్చే ఎపిసోడ్‌లో.