కెనాల్, ఛానల్: దుమ్ముగూడెం దగ్గర తేలే తేడా

అపోహ: కెనాల్ అన్నా ఛానల్ అన్నా కాలువే.

వాస్తవం: రెండు మాటలకూ మూలం లాటిన్‌లోని ‘కెనాలిస్’ అయినా, వాడుకలో వాటి అర్థాలు విడిపోయాయి. మనుషులు ఒక ప్రయోజనం కోసం తవ్వి, గట్లు కట్టిన కాలువను కెనాల్ అంటారు. ఛానల్ అనేది నీరు సాగే దారికి పేరు. అది నదీగర్భం కావచ్చు, నదిలో పడవకు చాలినంత లోతున్న పాయ కావచ్చు, రెండు తీరాల నడుమ సముద్రభాగం కావచ్చు. ఇంగ్లండ్‌కూ ఫ్రాన్సుకూ మధ్యనున్నది ఛానల్ కాగా, 1869లో ఓడలకు తెరిచిన సూయజ్ మార్గం కెనాల్ అయింది.

భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వేసవిలో గోదావరి ఇసుక తిన్నెల మధ్య సన్నబడి, ఏదో ఒక లోతైన పాయగా సాగుతుంది. వరద వచ్చిపోయినప్పుడల్లా ఇసుక మేటలు కదులుతాయి కనుక, నిరుడు పడవ నడిచిన చోట ఈ యేడు మోకాటి లోతైనా ఉంటుందన్న హామీ లేదు. ఈ పాయే ఛానల్. అడ్డుగా ఉన్న రాళ్ల వరసను పడవలు దాటలేవు కాబట్టి, 19వ శతాబ్దంలో అక్కడ ఆనకట్ట కట్టి, పక్కన లాకులతో తవ్విన కాలువ కెనాల్. లాకు అంటే రెండు చివరలా తలుపులున్న రాతి గది: ఎగువకు పోయే పడవ లోపలికి వచ్చాక కింది తలుపు మూసి, పైనున్న నీటిని మెల్లగా వదిలితే, నీటితోపాటే పడవా లేచి ఎగువ మట్టానికి చేరుతుంది, అప్పుడు పై తలుపు తెరుస్తారు.

అపోహ: దుమ్ముగూడెం కాలువను పొలాల కోసమే తవ్వారు.

వాస్తవం: నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఖమ్మం రైతుకు కెనాల్ అనగానే సాగునీరు తలపుకు రావడం సహజమే. అయితే సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనలో ఎగువ గోదావరి ప్రధానంగా రవాణా మార్గం. నాగపూరు, బీరారు ప్రాంతాల పత్తిని పడవల మీద కోస్తాకు దింపాలన్నది ఉద్దేశం. 1860లలో హేగ్ అనే సైనిక ఇంజనీరు ఆధ్వర్యంలో సాగిన ఆ పనులకు దుమ్ముగూడెం మొదటి అడ్డంకి, ఇచ్చంపల్లి రెండోది. మన్యపు జ్వరాలకు తోడు ఖర్చు పెరిగిపోగా, 1867 నాటికి రైలు నాగపూరు చేరింది. 1871లో పనులు నిలిపివేశారు. ఆ పథకం రాళ్ల చేతిలో కన్నా రైలు చేతిలోనే ఓడిందనడం సబబు.

ఇక, ప్రకృతి చేస్తే ఛానల్, మనిషి తవ్వితే కెనాల్ అనే సూత్రం సగమే నిజం. తూము నుంచి చేలకు నీరు తీసుకెళ్లే పంట బోదెలు పారతో తవ్వినవే అయినా, నీటిపారుదల ఇంజనీర్లు వాటిని ఫీల్డ్ ఛానల్స్ అనే అంటారు. 2005లో ప్రారంభించిన సేతుసముద్రం పథకం పేరులో కెనాల్ ఉన్నా, అక్కడ తలపెట్టింది సముద్రపు అడుగున మేట తీసి ఓడలకు లోతైన దారి చేయడం. నౌకాయాన పరిభాషలో అది ఛానలే.