ఆల్బేర్ కామూ ఆలోచనలో ప్రకృతి

కామూ పేరు చెప్పగానే విద్యార్థులకు గుర్తొచ్చే మాట ‘అసంబద్ధత’. ఆ మాట వెనుక ఒక సముద్రతీరం, కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ ఉన్నాయి. ఆ రెంటినీ వదిలేస్తే కామూను సగమే చదివినట్లు.

ఆయన 1913లో అల్జీరియాలో జన్మించారు. మరుసటి ఏడాదే తండ్రి యుద్ధంలో మరణించారు. తల్లి ఇళ్లలో పనిచేసి సంసారం నెట్టుకొచ్చారు. ఆ పేద పిల్లవాడికి ఖర్చు లేకుండా దొరికినవి ఎండ, సముద్రం. పదిహేడో ఏట క్షయ సోకింది. 1938 నాటి ‘నప్షల్స్’ వ్యాసాల్లో, టిపాసాలోని రోమన్ శిథిలాల నడుమ ఆయన పొందిన ఆనందం అంత తీవ్రంగా ఉండటానికి కారణం ఇదే: మృత్యువు దగ్గరలోనే ఉందని ఆ యువకుడికి తెలుసు.

1942లో వచ్చిన ‘ది స్ట్రేంజర్’లో అదే సూర్యుడు వేరుగా కనిపిస్తాడు. బీచిలో ఒక అరబ్బును కాల్చి చంపిన మెర్సో, కోర్టులో ఎండను కారణంగా చెబుతాడు. అయితే ఎండకు ఉద్దేశం ఉండదు. అది మనిషిని ప్రేమించదు, ద్వేషించదు. ‘లోకం అసంబద్ధమని కామూ అన్నాడు’ అని పరీక్షల్లో రాస్తుంటారు, అది సరికాదు. అదే ఏడాది వెలువడిన ‘ది మిత్ ఆఫ్ సిసిఫస్’ ప్రకారం, అర్థం కోరే మనిషికీ మౌనంగా ఉండే లోకానికీ మధ్య ఘర్షణలో అసంబద్ధత పుడుతుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. నవల ఎండను చూసినంత స్పష్టంగా హతుడిని చూడదు. అతనికి పేరైనా లేదు. అల్జీరియా రచయిత కమెల్ దావూద్ 2013లో రాసిన నవలలో అతనికి మూసా అని పేరు పెట్టారు. ప్రకృతి వర్ణన వలస పాలనను కప్పేసిందా అన్న ప్రశ్న న్యాయమైనదే.

‘ది ప్లేగ్’ (1947)లో ప్రకృతి రెండు వైపులా నిలుస్తుంది. రోగక్రిమీ ప్రకృతే, ఓరాన్ సముద్రమూ ప్రకృతే. రియూ, తారూ ఒక రాత్రి కలిసి ఈదుతారు. టిపాసాలోని వ్యక్తిగత ఆనందం ఇక్కడ స్నేహంగా మారింది. యుద్ధం చూసిన కామూ 1951లో ‘ది రెబెల్’ రాసేనాటికి ప్రకృతి ఒక హద్దు అయింది: చరిత్ర పేరిట ఏ హత్యనైనా సమర్థించేవారికి ఎదురుగా నిలిపే హద్దు. ఈ వాదమే 1952లో సార్త్ర్‌తో తెగతెంపులకు దారితీసింది.

1954 నాటి వ్యాసంలో కామూ మళ్లీ టిపాసాకు వెళ్లారు. శిథిలాల చుట్టూ ముళ్లకంచె ఉంది. సౌందర్యాన్నీ, అవమానం పాలైన మనుషులనూ రెంటినీ విడువకూడదనుకున్నారు ఆయన. అదే ఏడాది నవంబరులో అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది.