వార్తల్లో పదం: ఫాస్ట్ ఫ్యాషన్

అమెరికాలో గుడ్‌విల్ లాంటి థ్రిఫ్ట్ స్టోర్లు దానంగా వచ్చిన పాత బట్టల్ని చవగ్గా అమ్ముతాయి. ఓపిగ్గా వెతికితే గట్టి ఉన్ని కోటో, ఏళ్లు మన్నిన జీన్సో దొరికేది. ఇప్పుడు అవే హ్యాంగర్లకు షీన్, ఫరెవర్ 21, హెచ్ అండ్ ఎం లేబుళ్లు వేలాడుతున్నాయి. తిరగేసి చూస్తే పలచని పాలిస్టర్, దూరం దూరంగా పడ్డ కుట్లు, చంకల దగ్గర ఉండలు కట్టిన పోగులు. వారాల్లోనే కొత్త డిజైన్లు దించి కారుచౌకగా అమ్మే ఈ పద్ధతే ఫాస్ట్ ఫ్యాషన్.

పారిస్‌కు చెందిన సెకండ్ హ్యాండ్ అమ్మకాల సంస్థ వెస్టియేర్ కలెక్టివ్ 2022లో షీన్, ఏసాస్ వంటి బ్రాండ్లను, 2023లో జారా, హెచ్ అండ్ ఎం, యూనిక్లోలను తన వేదికపై అమ్మకుండా నిషేధించింది. మంచి నిర్ణయమే. కానీ ఆ బట్టలు మాయమైపోవు కదా!

థ్రిఫ్ట్ స్టోర్లలో అమ్ముడుపోని బట్టల్లో ఎన్నో బేళ్లుగా ఓడలెక్కుతాయి. ఘనా రాజధాని అక్రాలోని కాంటమాంటో మార్కెట్‌కు వారానికి సుమారు 1.5 కోట్ల వస్త్రాలు చేరుతున్నాయని అంచనా. లోపల ఏముందో తెలియకుండానే చాలామంది వ్యాపారులు అప్పు చేసి బేలు కొంటారు. విప్పాక చిరిగినవి, మరకలు పడ్డవి బయటపడితే నష్టం వాళ్లదే. ఇది ఘోరమైన అన్యాయం. పనికిరాని గుడ్డల్లో కొన్ని మురుగు కాలువల్లో కొట్టుకుపోయి అక్రా సముద్ర తీరంలో, ఇసుకలో చిక్కుకుని పేరుకుపోతున్నాయి.