పెద్దవారికి రావలసినవి – కాగితాలు జబ్బుకంటే ముందే సిద్ధం చేసుకోండి

పక్షవాతంతోనో, తుంటి ఎముక విరిగో మా వార్డులో చేరే పెద్దవారికి మేము ముందుగా బీపీ, షుగరు చూస్తాము. ఆ వెంటనే ఇంటివారిని అడిగేది ఒకటే, "ఆధార్ తెచ్చారా? ఏ కార్డు ఉంది?" చాలామంది అప్పుడే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కూతురు కువైట్‌లో ఉంటుంది, కొడుకు హైదరాబాదులో ఉంటాడు, కార్డు ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది. ఇది నర్సుల పని కాదని మీకు అనిపించవచ్చు. కాని కాగితం లేక చికిత్స ఆలస్యమైనప్పుడు మంచం పక్కన నిలబడేది మేమే గనుక, ఈ నెల ఈ సంగతులే రాస్తున్నాము.

మొదట పెన్షన్. 2006లో రూ.200గా ఉన్న వృద్ధాప్య పెన్షన్ 2014లో రూ.1,000, 2019 జనవరిలో రూ.2,000 అయింది. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా పేరుతో నెలకు రూ.4,000 ఇస్తున్నారు. 2019 వరకు 65 ఏళ్లు నిండాలనే నియమం ఉండేది, తర్వాత 60కి తగ్గించారు. గిరిజనులకు 50 ఏళ్లు చాలు. కుటుంబ ఆదాయం, భూమి, కరెంటు వాడకం, నాలుగు చక్రాల సొంత వాహనం ఇవన్నీ చూస్తారు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా, ఆదాయపు పన్ను కట్టేవారున్నా రాదు. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారో మీ గ్రామ, వార్డు సచివాలయంలోనే అడగండి. మధ్యవర్తికి డబ్బు ఇవ్వవద్దు.

నెలాఖరు వచ్చేసరికి మా వార్డులో కొందరు మామ్మలు డిశ్చార్జి చేయమని పట్టుపడతారు. ఒకటో తేదీకి ఇంట్లో లేకపోతే పెన్షన్ పోతుందని వారి భయం. సెలైన్ ఎక్కుతుండగానే చెప్పులు వెతుక్కునేవారూ ఉన్నారు! దయచేసి అలా వెళ్లిపోకండి. ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా, ఆ మొత్తాన్ని మరుసటి నెల పెన్షన్‌తో కలిపి ఇచ్చే ఏర్పాటు 2024 డిసెంబరులో వచ్చింది. వరుసగా మూడు నెలలు దాటనివ్వకుండా చూసుకుంటే చాలు. మనిషి ఆసుపత్రిలో ఉన్నారని ఇంటివారు సచివాలయంలో ఒక మాట చెప్పి ఉంచితే మంచిది. పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు దాన్ని కొనసాగించే వీలు కూడా అదే ఏడాది చివర వచ్చింది. దానికి మరణ ధ్రువపత్రం కావాలి. దుఃఖంలో ఆ కాగితం సంగతి మరిచిపోతారు, కనుక దగ్గరి బంధువులు ఎవరైనా పూనుకోవాలి.

పక్షవాతం వచ్చి పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు రూ.15,000 పెన్షన్ ఉంది. డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు రూ.10,000. మన డెల్టాలో పాత జబ్బు అయిన బోదకాలు రెండు కాళ్లకూ నాలుగో దశలో ఉంటే కూడా రూ.10,000. అయితే ఒక విషయం గట్టిగా చెప్పాలి. వీటికి మా ఆసుపత్రి డాక్టరుగారి చీటీ సరిపోదు, ప్రభుత్వ వైద్యుల ధ్రువీకరణే చెల్లుతుంది. అయినా మేమిచ్చే డిశ్చార్జి సమ్మరీ, స్కానింగు రిపోర్టులు పారేయకండి. జబ్బు ఎప్పుడు వచ్చిందో, ఏమి చికిత్స జరిగిందో ఆ డాక్టర్లకు తెలిసేది వాటివల్లనే.

ఇక వైద్యం ఖర్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం మీలో చాలామందికి తెలుసు. తెలియనిది కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డు. 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు ఉచిత చికిత్స దీనివల్ల వస్తుంది. ఇంట్లో తాతగారు, మామ్మగారు ఇద్దరూ 70 దాటి ఉంటే ఆ అయిదు లక్షలూ ఇద్దరికీ కలిపి. పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే, అదీ పడక మీద చేరిన చికిత్సకే వర్తిస్తుంది. రోజూ వేసుకునే బీపీ, షుగరు బిళ్లలు ఈ కార్డుతో రావు. వాటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి, ఉచితంగా ఇస్తారు.

పెన్షన్‌కైనా ఈ కార్డుకైనా వయసు చూసేది ఆధార్‌లోనే. ఆధార్ తీసినప్పుడు పుట్టిన తేదీ తెలియని పెద్దవారికి చాలాచోట్ల ఏదో ఒక సంవత్సరం, జనవరి 1 అని వేశారు. చూస్తే 75 ఏళ్ల మనిషి, కార్డులో 66! పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి తొందరపడకుండా ఏ రుజువు చెల్లుతుందో ఆధార్ కేంద్రంలో ముందే కనుక్కుని వెళ్లండి. వేలిముద్ర అరిగిపోయిన చేతులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వరి నాట్లు వేసిన చేతులు, కొబ్బరి పీచు తీసిన చేతులు. వేలిముద్ర పడకపోతే కనుపాపతోనో ముఖంతోనో సరిచూడమని అడగవచ్చు.

చివరిది రాయడానికి మనసు కష్టంగా ఉంది. జబ్బు తగ్గినా తీసుకువెళ్లడానికి ఎవరూ రాని పెద్దవారు మాకు అప్పుడప్పుడు తారసపడుతుంటారు. కొందరు ఉన్న ఇల్లు, కొబ్బరి తోట పిల్లల పేర రాసేసినవారే. అటువంటివారి కోసం 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం వచ్చింది. ఆర్డీవోగారి దగ్గర ఉండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. వకీలును పెట్టుకోనక్కరలేదు. నడవలేకపోతే వారి తరఫున మరొకరు ఇవ్వవచ్చు. నెలకు రూ.10,000 వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కు ఉంది. కొడుకులతో పాటు కూతుళ్లకు, పెద్దవారైన మనవలకు కూడా ఈ బాధ్యత ఉంది. సంతానం లేకపోతే ఆస్తి దక్కబోయే బంధువులది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది గనుక, గల్ఫ్‌లో ఉన్నామంటే తప్పదు.

ఆస్తి రాసే ముందు 23వ సెక్షను గురించి తెలుసుకోండి. మా ఆలనా పాలనా చూడాలనే షరతుతో ఆస్తి ఇచ్చి, వారు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లికి ఆమె రాసిచ్చిన ఆస్తిని తిరిగి ఇప్పించింది కూడా. "మా అబ్బాయి అలాంటివాడు కాడండీ" అంటారు. సంతోషమే. అలాంటివాడు కాకపోతే షరతు రాసినందుకు ఆ అబ్బాయి బాధపడడు. జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, పోషణ షరతు రెండూ దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. నోటిమాట మీద వదిలేయవద్దు.

ఇంట్లో పెద్దవారికి తిండి పెట్టకపోయినా, కొట్టినా, వదిలేసినా 14567కు ఫోన్ చేయండి. వయోవృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు అది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు. పక్కింటివారు కూడా చేయవచ్చు.

ఆర్టీసీ బస్సులో 60 దాటినవారికి టిక్కెట్టులో 25 శాతం రాయితీ ఉంది, వయసు చూపే కార్డు దగ్గర ఉంచుకోండి. రైలు రాయితీని మాత్రం 2020 మార్చిలో తీసేశారు, అడిగి మాటపడకండి. మా దగ్గరికి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఆధార్, రేషను కార్డు, పాత చీటీలు ఒకే సంచిలో పెట్టుకుని రండి. ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.