మెదడులో జన్యువు ఒకచోట.. ప్రొటీన్ మరోచోట!

మెదడులోని ఏ భాగంలో ఏ జన్యువు చురుగ్గా ఉందో చూపే పటాలు నేడు పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. అయితే చాలా మందులు పనిచేసేది జన్యువులపై కాదు, వాటి నుంచి తయారయ్యే ప్రొటీన్లపై. ఈ రెండూ అన్నివేళలా ఒకే చోట ఉండవు. ఆ తేడాను విస్మరిస్తే, మందు మెదడులో ఎక్కడ పనిచేస్తుందన్న అంచనాయే తప్పే ప్రమాదముంది.

జన్యువులోని సమాచారం మొదట ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా మారుతుంది. దాని ఆధారంగా కణం ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. జన్యువు చురుకుదనాన్ని కొలవడమంటే ఈ నకళ్లను లెక్కించడమే. అమెరికాలోని సియాటిల్‌కు చెందిన అలెన్ ఇన్‌స్టిట్యూట్, మరణించిన ఆరుగురి మెదళ్ల నుంచి సేకరించిన సుమారు 3,700 నమూనాలతో ఇలాంటి అట్లాస్‌ను రూపొందించింది.

కొలవడం కష్టం

జీవించి ఉన్న వ్యక్తి మెదడులో ప్రొటీన్‌ను కొలవడం అంత సులువు కాదు. దానికి అతుక్కునే రేడియోధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి పెట్ స్కాన్ తీయాలి. అన్ని ప్రొటీన్లకూ అలాంటి పదార్థాలు లేవు. అందుకే కొన్ని సందర్భాల్లో నకళ్ల పటాన్నే ప్రత్యామ్నాయంగా వాడుతున్నారు.

సెరటోనిన్ ఉదాహరణ

మనోభావాలు, నిద్రతో ముడిపడిన రసాయనం సెరటోనిన్. దాన్ని విడుదల చేసే నాడీకణాలు మెదడు కాండంలోని రాఫే కేంద్రకాల్లో ఉంటాయి. విడుదలైన సెరటోనిన్‌ను తిరిగి కణంలోకి చేర్చే ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీన్‌కు సంబంధించిన నకళ్లు ప్రధానంగా అక్కడే కనిపిస్తాయి. ప్రొటీన్ మాత్రం పొడవాటి నాడీ తంతువుల వెంట ప్రయాణించి మెదడులోని సుదూర భాగాలకు చేరుతుంది. కుంగుబాటు చికిత్సలో వాడే ఫ్లూయాక్సెటిన్ వంటి మందులు అడ్డుకునేది ఈ ప్రొటీన్‌నే. నకళ్ల పటాన్ని మాత్రమే నమ్ముకుంటే, ఆ సుదూర భాగాల్లో మందుకు పనే లేదని పొరబడే అవకాశముంది.

5-హెచ్‌టీ1ఏ అనే సెరటోనిన్ గ్రాహకం తీరు వేరు. అది ఎక్కువగా తాను తయారైన కణం పైనా, దాని సమీప శాఖలపైనా ఉంటుంది. కాబట్టి దాని విషయంలో రెండు పటాలూ చాలావరకు సరిపోలుతాయి. డెన్మార్క్ పరిశోధకులు 210 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతో రూపొందించి 2017లో ప్రచురించిన సెరటోనిన్ అట్లాస్‌లోనూ, నకళ్లకు, ప్రొటీన్‌కు మధ్య సంబంధం అన్నింటికీ ఒకేలా లేదని తేలింది.

ప్రయాణం ఒక్కటే కారణం కాదు. నకళ్లు సాధారణంగా కొన్ని గంటల్లో నశిస్తే, మెదడులోని చాలా ప్రొటీన్లు రోజుల తరబడి నిలుస్తాయి. ఒక్కో నకలు నుంచి తయారయ్యే ప్రొటీన్ పరిమాణమూ మారుతుంటుంది.

అందువల్ల జన్యు పటం ఎక్కడ వెతకాలో సూచించగలదు. మందు లక్ష్యం నిజంగా అక్కడ ఉందో లేదో తేల్చాలంటే ప్రొటీన్‌నే నేరుగా కొలవాలి.